పచ్చికను లెక్కించిన పండితుడు: చార్లెస్ డార్విన్

చార్లెస్ డార్విన్ పేరు విననివారు మన గ్రంథాలయపు చదువరులలో నుండరు. ఆ పేరు చెప్పగానే, కోతినుండి మానవుడు పుట్టెనని చెప్పినవాడుగదా యని నవ్వి యూరకుండుట పరిపాటి. ఆయన చెప్పినది అది కాదు. మనుష్యులకును వానరములకును బహుపురాతన కాలమున మూలవంశ మొక్కటేయని మాత్రమే ఆయన మతము. ఆ చర్చను పండితులకు విడిచి, ఆయన జీవితమున మనవంటి పల్లెవాసులకు మిక్కిలి దగ్గరగా నుండు నొక భాగమును ఈ రజతోత్సవ సంచికలో చెప్పదలచితిని. ఒక నేల పరాయి మొక్కను తనలోనికి ఏల రానిచ్చును, వేరొక నేల ఏల రానీయదు అను ప్రశ్న యౌవనమున ఆయనకు తగులుకొని చివరివరకును విడువలేదు. మన బంజరులలో సర్కారు తుమ్మయు, గట్లమీద వయ్యారిభామయు, చెరువులలో గుఱ్ఱపుడెక్కయు పెరుగుచుండుట నిత్యము చూచుచున్న మనకు ఇంతకంటె పనికివచ్చు కథ ఆయన చరిత్రలో మరియొకటి లేదని నా తలంపు.

డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండు దేశమున ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్ట్ పేరుగాంచిన వైద్యుడు, ధనవంతుడు. తల్లి సుసన్నా, పింగాణి పాత్రల తయారీలో ప్రఖ్యాతుడైన జొసయా వెడ్జ్‌వుడ్ కుమార్తె. ఆ తల్లి 1817లో, కుమారునికి ఎనిమిదియేండ్ల వయస్సున, మరణించెను. బాలుడు పాఠశాలలో నేర్పు లాటిను, గ్రీకు పద్యములయందు ఏమాత్రము రాణింపలేదు. తండ్రి యాతనిని 1825లో ఎడింబరోకు వైద్యవిద్యకై పంపెను. మత్తుమందు లింకను రాని ఆ దినములలో ఒక పసిబిడ్డకు చేయుచున్న శస్త్రచికిత్సను చూడలేక ఆ యువకుడు గదినుండి పరుగెత్తి వెలుపలికి వచ్చెను. వైద్యము అంతటితో ముగిసెను. పిమ్మట మతాచార్యుని చేయవలెనని కేంబ్రిడ్జికి పంపగా, అచ్చట ఆయన శ్రద్ధయంతయు పురుగులను పట్టుటయందే నిలిచెను. ఒకనాడు రెండు చేతులలోను చెరియొక పురుగును పట్టుకొనియుండగా మూడవది కనబడెనట. దానిని వదలలేక చేతిలోని దానిని నోట వేసికొనగా, అది చేదుద్రవమును చిమ్మి నాలుకను మండించెనట. అట్టివానిని వృక్షశాస్త్రాచార్యుడైన హెన్స్‌లో గుర్తించి చేరదీసెను.

ఆ హెన్స్‌లో సిఫారసువలననే 'బీగిల్' అను ఓడలో ప్రయాణముచేయు నవకాశము లభించెను. తండ్రి సమ్మతింపలేదు. అప్పుడు మేనమామ కలుగజేసికొని, తండ్రి చెప్పిన యాక్షేపణల కన్నింటికిని ఒక్కొక్కదానికి సమాధానము వ్రాసియిచ్చి ఒప్పించెను. ఆ మేనమామ కుమార్తె యెమ్మానే డార్విన్ తరువాత 1839లో వివాహమాడెను. మన దేశపు మేనరిక మనదగిన సంబంధమే యిది. 1831 డిసెంబరు 27న ఓడ బయలుదేరెను. ఆయన సముద్రముమీద నున్నంతకాలము వాంతులతో బాధపడెను గాని ప్రయాణమును మానలేదు.

ఇక మన విషయమునకు వచ్చెదను. 1833వ సంవత్సరమున ఆయన దక్షిణ అమెరికాలోని లా ప్లాటా మైదానములలో గుఱ్ఱముపై సంచరించెను. అక్కడ కార్డూన్ అనెడి ముండ్ల మొక్క అనేక వందల చదరపు మైళ్ల నేలను కప్పివేసి యుండెను. అది ఆ దేశపు మొక్క కాదు. మధ్యధరా సముద్రతీరములలో పుట్టి, ఐరోపావారు కూరకై పెంచుకొనునది. వలసవచ్చినవారి వెంట సముద్రము దాటినది. అది నిండిన చోట మనుష్యుడు గాని పశువు గాని చొరబడుటకు దారి లేదు, వేరొక మొక్క బ్రతుకుటకు చోటు లేదు. అది రాకముందు ఆ నేలలో ఏపుగా పెరుగు గడ్డి యుండియుండునని ఆయన నిశ్చయించెను. ఒక మొక్క మరియొక దేశమును ఇంత విస్తారముగా నాక్రమించుట మునుపెన్నడైన గ్రంథస్థమైనదా యని ఆయనకు సందేహము కలిగెను. ఆ ప్రాంతముననే మనిషి యెత్తు పెరుగు వేరొక ముండ్ల మొక్క యుండెను. అది పెరిగిన కాలమున దానిలోని ఇరుకుదారులు దొంగలకు తప్ప ఇతరులకు తెలియవు. దొంగల భయమున్నదాయని ఆయన ఒక యింట నడుగగా, ముండ్ల మొక్క లింకను ఎదుగలేదని ప్రత్యుత్తరము వచ్చెను. ఆ మాట తనకు మొదట బోధపడలేదని ఆయన వ్రాసికొనెను.

ఆ మైదానములు అట్లు వశమగుటకు ముందు జరిగినదేమి? ఆయన వ్రాసిన లెక్కనుబట్టి 1535లో మొదటి వలసదారు 72 గుఱ్ఱములతో ఆ తీరమున దిగెను. తరువాత లెక్కకు మించిన గుఱ్ఱములు, గోవులు, గొఱ్ఱెలు ఆ నేలను మేసి, త్రొక్కి, పూర్వపు మొక్కల రూపమునే మార్చివేసెను. అనగా ముండ్ల మొక్క వచ్చునప్పటికే కాపురమున్నవారు సగము వెడలగొట్టబడి యుండిరి. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1835 డిసెంబరులో ఓడ న్యూజీలండు చేరెను. అచ్చట ఇంగ్లండు ఎలుకలు, ఇంగ్లండు కలుపుమొక్కలు తనకు స్వదేశీయులై యెదురుపడగా ఆయన సిగ్గుపడెను. ఫ్రెంచివారి ఓడ తెచ్చియిచ్చిన ఉల్లిజాతి మొక్క యొకటి ప్రాంతములనే ముంచివేసెను. ఇంకొకటి మరింత వింత. 'డాక్' అనెడి కలుపుమొక్క విత్తనములను ఒక ఆంగ్లేయుడు పొగాకు విత్తనములని చెప్పి ఆ దేశపు వారికి అమ్ముకొనెను! పొగాకు నారు పోసి ఎఱుగుదుము గనుక ఆ మోసమెట్టిదో మనకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. మరునాటి సంవత్సరము జూలైలో ఆయన సెయింట్ హెలీనా ద్వీపమున దిగెను. అక్కడ 746 జాతుల మొక్క లుండగా వానిలో ఆ ద్వీపమునకు సొంతమైనవి 52 మాత్రమే. తక్కినవి వెలుపలినుండి వచ్చినవి, అందులో అధికభాగము ఇంగ్లండునుండి వచ్చినవి. 1502లో విడిచిన మేకలు పెరిగి, మొలకెత్తిన ప్రతి చిన్న చెట్టును కొరికివేయగా ముసలి చెట్లు పడిపోయిన తరువాత వానికి వారసులు లేకపోయిరి.

1836 అక్టోబరు 2న ఆయన స్వదేశము చేరెను. మరల బ్రిటను తీరము దాటలేదు. 1842లో లండనుకు పదునారు మైళ్ల దూరమున డౌన్ అను కుగ్రామమున ఇల్లు కొని స్థిరపడెను. అప్పటినుండి నలుబది సంవత్సరములు ఆయన జీవితము ఒక పల్లెటూరి గృహస్థుని జీవితమే. కడుపునొప్పి, తలత్రిప్పుట, నిద్రలేమి ఆయనను వదలలేదు. దినమునకు మూడు నాలుగు గంటలకంటె పనిచేయు శక్తి లేని దినము లెన్నో. పదిమంది సంతానము కలుగగా ముగ్గురు బాల్యముననే పోయిరి. 1851లో పదియేండ్ల కుమార్తె యానీ మరణించిన దుఃఖము ఆయనకు కడవరకు తీరలేదు. గ్రామమున బీదల సహాయనిధి సంఘమునకు ఆయన ముప్పది యేండ్లు కోశాధికారిగా నుండి దాని లెక్కలు తానే వ్రాసెను. ఇంటి పద్దులును పెండ్లినాటినుండి కాసు విడువక వ్రాసికొనెను. లెక్కలు వ్రాసి బ్రతికిన నావంటివాడు ఆయనను తనవాడుగా భావించుటకు కారణము ముఖ్యముగా ఇదియే.

ఆ పద్దుల యలవాటే ఆయన శాస్త్రమునకును ప్రాణము. 1855 వేసవిలో తన పిల్లలకు చదువు చెప్పు ఆచార్యురాలితో కలిసి యింటి ప్రక్కనున్న పచ్చికబయలులో పెరుగు మొక్కల జాతులన్నిటిని పట్టిక వ్రాసెను. మొత్తము 142 జాతులు తేలినవి. తరువాత మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల నేలను త్రవ్వి, శుభ్రముచేసి, మొలచిన ప్రతి కలుపుమొలకకును గుర్తు పెట్టెను. జమ 357, ఖర్చు 295, ఎక్కువభాగము నత్తలకును పురుగులకును, నిలువ 62. చిన్న మొలకలు త్రవ్విన యొట్టినేలలోనే యింతగా నశించుచుండగా, అప్పటికే మొక్కలు క్రిక్కిరిసియున్న నేలలో వాని గతి యేమి?

మరియొకటి చూడుడు. ఇంటి ముంగిట మూడడుగులు నాలుగడుగుల పచ్చికను పరిశీలింపగా ఇరువది జాతుల మొక్కలు కనబడినవి. ఆశ్చర్యము సంఖ్యలో లేదు. ఆ ఇరువది జాతులు పదునెనిమిది ప్రజాతులకు, ఎనిమిది కుటుంబములకు చెందినవి. ఒకే యెండ, ఒకే వాన, ఒకే మన్ను. అయినను కాపురమున్నవారు దాయాదులు కారు, వేఱువేఱు కులముల వారు. దగ్గరి చుట్టములు ఒకే ఆహారమును కోరుదురు గనుక వారిలో వారికే పోరు హెచ్చు. దూరపువారు వేఱువేఱు వృత్తులవలె వేఱువేఱు అవసరములు గలవారు గనుక ఒకే చోట ఎక్కువమంది ఒదుగుదురు. ఒక కమ్మరి, ఒక కుమ్మరి, ఒక వడ్రంగి ఒకే వీథిలో బ్రతుకుదురు. ముగ్గురు కమ్మరులకు ఆ వీథిలో పని చాలదు. అయితే ఈ సామరస్యము కొడవలివలన నిలిచినదని కూడ ఆయన కనుగొనెను. అట్టి పచ్చికను కోయక విడువగా బలిసిన జాతులు పెరిగి, ఇరువదిలో తొమ్మిదింటిని చంపివేసెను.

ఇంకొక వైపునుండియు ఆయన లెక్క చూచెను. పరాయి విత్తనములు నిజముగా దూరమునుండి రాగలవా? 87 రకముల విత్తనములను ఉప్పునీటిలో నానవేసి యుంచెను. 28 దినముల పిదప గూడ 64 రకములు మొలచినవి. చిన్న చెరువు అంచుననుండి మూడు చెంచాల బురద తెచ్చి గదిలో మూతవేసి యుంచి, మొలచిన ప్రతి మొక్కను పెఱికి లెక్కించుచు ఆరునెలలు గడపెను. ఒక కాఫీ గిన్నెడు కూడ లేని ఆ బురదనుండి 537 మొక్కలు వచ్చెను! నీటిపక్షి కాలికి అంటిన బురదలో నెన్ని విత్తనము లుండునో ఊహించుకొనవచ్చును. కావున వచ్చువారికి కొరత లేదు. వాకిట నిలిచినవారిలో నూటికి తొంబదిమందికి లోపల చోటెందుకు దొరకదన్నదే అసలు ప్రశ్న.

1858 జూన్‌లో ఆల్ఫ్రెడ్ వాలెస్ అను యువకుడు తూర్పు ద్వీపములనుండి పంపిన వ్యాసమును చూచి డార్విన్ నివ్వెఱపోయెను. తాను ఇరువదియేండ్లు గుప్తముగా దాచిన సిద్ధాంతమే అందున్నది. మిత్రుల యేర్పాటుచే జూలై 1న ఇరువురి వ్రాతలును లండనులోని లిన్నియన్ సభయందు చదువబడెను. ఆ సమయమునకు డార్విన్ తన పసికుమారుని పోగొట్టుకొని మూడు దినములే యైనది. ఆయన సభకు పోలేదు. 1859 నవంబరు 24న 'జాతుల పుట్టుక' అను గ్రంథము 1250 ప్రతులుగా వెలువడెను.

ఆ గ్రంథమున మన దేశపు మాట యొకటి కలదు. అమెరికాను కనుగొన్న తరువాత అచ్చటినుండి తేబడిన మొక్కలు కొన్ని కన్యాకుమారినుండి హిమాలయములవరకు వ్యాపించియున్నవని ఆయన వ్రాసెను. కలకత్తా వృక్షోద్యానమున పనిచేసిన ఫాల్కనర్ అను వైద్యుడు ఆ సమాచార మిచ్చినవాడు. డార్విన్ జీవించియుండగనే, 1877లో, జమైకా ద్వీపమునుండి వచ్చిన సర్కారు తుమ్మ విత్తనములను కడప జిల్లాలోని కమలాపురమున నాటిరి. వంటచెఱకునకై చేసిన ఆ మేలు తరువాత ఎంతవరకు పోయినదో మన బంజరులే చెప్పుచున్నవి.

అదే గ్రంథమున వలస మొక్కల లెక్క యొకటి యున్నది. ఆసా గ్రే అను అమెరికా పండితుడు తన దేశపు ఉత్తర భాగములలో స్థిరపడిన పరాయి మొక్కలు 260 అని పేర్కొనియుండెను. అవి 162 ప్రజాతులకు చెందినవి. ఆ 162లో నూటికి తక్కువ కాకుండ ఆ దేశమున మునుపు లేనే లేనివి. వచ్చినవాడు అక్కడివారికి దగ్గరి చుట్టమైనచో వాతావరణము సరిపడును గనుక సులభముగా నిలుచునని ముందు ఎవరైనను ఊహింతురు. లెక్క మరియొకటి చెప్పెను. చుట్టము లేనివాడే ఎక్కువ సార్లు గెలిచెను. ఏలయన, ఆతడు చేయు వృత్తి ఆ వీథిలో ఖాళీగా నుండెను. ఈ మాట ప్రతిచోటను నిజమా యని తరువాతివారు నూరుమార్లు పరీక్షించిరి. కొన్నిచోట్ల ఔననియు, కొన్నిచోట్ల కాదనియు ఫలితములు వచ్చినవి. నా మట్టుకు నాకు, ప్రశ్నను సరియైన చోట నిలిపిన కీర్తి మాత్రము ఆయనదే యనిపించును.

ఆ గ్రంథముననే మరియొక వాక్యమున్నది. ఒక నేలలో ఒకే జాతి గడ్డిని విత్తి, అట్టి వేరొక నేలలో పలు ప్రజాతుల గడ్డిని కలిపి విత్తినచో, రెండవదానిలో ఎక్కువ మొక్కలు నిలుచుననియు, ఎక్కువ బరువు మేత వచ్చుననియు ప్రయోగముచే రుజువైనదని ఆయన చెప్పెను. జొన్నలో కందియు, అలసందయు కలిపి చల్లు మెట్టరైతునకు ఇది క్రొత్త కాదు. ఒకదాని వేరు పైపొరలో త్రాగును, ఒకదానిది లోతున త్రాగును. ఒకటి ముందు కోతకు వచ్చును, మరియొకటి తరువాత నిలిచి నేలను కప్పును. నేలలోని తడియు, సారమును, పైని వెలుతురును వంతులవారిగా ఎవరో ఒకరు వాడుకొనుచునే యుందురు. వచ్చిన పరాయి మొలకకు మిగులునది స్వల్పము. ఈ కడపటి మాటను డార్విన్ సూత్రముగా కట్టి చెప్పలేదు. దానికి కావలసిన సామగ్రినంతయు కూర్చి యుంచెను.

ఆయన చివరి గ్రంథము వానపాములను గూర్చి 1881లో వెలువడెను. 1882 ఏప్రిల్ 19న డౌన్ గ్రామమున కన్నుమూసెను. ఊరి శ్మశానవాటికలో, పోయిన బిడ్డల చెంత, ఉండవలెనని ఆయన కోరిక. ఊరి వడ్రంగి ఆయన యిష్టప్రకారము నునుపు లేని సాదా పెట్టెను చేసెను. లండను పెద్దలు వచ్చి ఆయనను వెస్ట్‌మినిస్టర్ ఆలయమున రాజులసరసన నుంచవలెనని పట్టుపట్టుటచే, మెఱుగుపెట్టిన వేరొక పెట్టె వచ్చెను. వడ్రంగి పెట్టె వడ్రంగికి తిరిగి పోయెను.

డార్విన్ చెప్పక విడిచిన మాటను స్పష్టముగా చెప్పినవాడు ఛార్లెస్ ఎల్టన్ అను ఆంగ్లేయుడు. 1958లో వెలువడిన తన గ్రంథమున, కొద్ది జాతులు గల పొలములును ద్వీపములును పరాయివారికి సులభముగా లొంగుననియు, పలు జాతులతో నిండిన అడవి గట్టిగా నిలుచుననియు ఆతడు వాదించెను. ఆ వాదమును నేలమీద పరీక్షించుటకు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున సీడార్ క్రీక్ అను చోట డేవిడ్ టిల్మన్ అను ఆచార్యుడు 1994లో తొమ్మిది మీటర్ల చదరపు మడులను నూట అరువదియెనిమిదింటిని ఏర్పరచెను. కొన్నిటిలో ఒక జాతి, కొన్నిటిలో రెండు, నాలుగు, ఎనిమిది, పదునారు జాతులు. జాతులు హెచ్చినకొలది చల్లకయే వచ్చిన కలుపు తగ్గెను. పలుజాతుల మడులలో నేలలో మిగులు నత్రజనియు, నేలకు చేరు వెలుతురును తక్కువయని కొలిచి చూపిరి. డార్విన్ పచ్చికలో ఇరువది జాతులు ఒదిగిన లెక్కకును దీనికిని సంబంధము కనబడుచున్నది.

అయితే తొందరపడరాదు. చిన్న మడిలో నిజమైనది దేశమంతటికిని నిజము కాకపోవచ్చును. 1999లో అమెరికా పండితులు విశాల ప్రాంతములను పోల్చిచూడగా, సొంత జాతులు ఎక్కువగా నున్న సారవంతమైన చోట్లనే పరాయి జాతులును ఎక్కువగా కనబడినవి. మంచి నీరు, మంచి మన్ను గల చోటికి అందరును వత్తురు గదా! కావున జాతుల వైవిధ్యము తలుపునకు గడియ వంటిదే గాని కోటగోడ కాదు. మేకలు, మంట, గొడ్డలి, అధిక మేపు ఆ గడియను తీసివేయునని సెయింట్ హెలీనా, లా ప్లాటా చూపినవి. నేటి పరిశోధకులును చాలవరకు ఇదే చెప్పుచున్నారు.

గడ్డి మడుల ప్రయోగమును గూర్చి చెప్పిన వాక్యమునకు డార్విన్ తన గ్రంథమున ఆధార మెక్కడిదో చూపలేదు. ప్రతి పద్దునకు రశీదు జతపరచు మనిషి ఆ ఒక్కచోట రశీదు పెట్టలేదు. స్థలాభావముచే కుదించిన గ్రంథమని ఆయనయే చెప్పుకొనెను గనుక తప్పు పట్టుటకు లేదు. ఆయన మొదట వ్రాయదలచి నిలిపివేసిన పెద్దగ్రంథపు వ్రాతప్రతి 1975లో అచ్చయినది. అందులో ఆ రశీదు దొరికెను. ఆండీ హెక్టర్, రోవన్ హూపర్ అను ఇరువురు 2002లో దానిని పట్టుకొని మూలమునకు పోయిరి. బెడ్‌ఫర్డ్ ప్రభువుగారి వోబర్న్ తోటలో జార్జి సింక్లెయిర్ అను తోటమాలి 1816కు పూర్వమే రెండడుగుల చదరపు మడులను 242 ఏర్పరచి, వేఱువేఱు మన్నులతో నింపి, వానిలో గడ్డిజాతులను విడివిడిగాను కలిపియు పెంచి తూచియుండెను. 143 సంవత్సరముల తరువాత ఆ తోటమాలి పేరు ఆ పద్దున చేరినది.